మంగళవారం పాస్తా

“తేలిగ్గా అయ్యేదేదైనా చెప్పు, చేసిపడేస్తాను” అన్నాడు డ్వేన్, వంటింటి నడుమ నిలబడి చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.

ముప్పై మూడేళ్ళ కాపురంలో ఈ ‘తేలిక’ అనే మాట కార్లా ఎన్ని వేలసార్లు వినుంటుందో లెక్కలేదు. కాకపోతే ఇన్నాళ్ళూ మాట చివర వేరేగా ఉండేది. తేలిగ్గా అయ్యేదేదైనా చేసిపడెయ్ అనేవాడు, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ. అలా అనడంలో తనవైపు నుంచి బోలెడంత దయ ఉందని డ్వేన్ నమ్మకం. ఆ తేలికైనదేదో ముందు ఆలోచించాలి, దానికి కావలసినవి ఇంట్లో ఉన్నాయో లేవో గుర్తు చేసుకోవాలి, లేకపోతే పనినుంచి వస్తూ దారిలో ఆగి కొనాలి, పిల్లల్లో పెద్దదానికి ఉల్లిపాయ ముక్క కనపడకూడదు, చిన్నవాడికి అసలు ఆకుపచ్చ రంగే కనపడకూడదు, ఆరింటికల్లా బల్లమీద ఉండాలి. ఇదంతా పోగా మిగిలింది మాత్రం తేలికే.

ఇవాళ ఆ మాట ఆయన తనకు తానే చెప్పుకోవలసి వచ్చింది. కార్లా కుడిచెయ్యి వేళ్ళ మొదళ్ళ నుంచి మోచేతిదాకా తెల్లటి కట్టులో ఉంది. పోయిన బుధవారం తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ ముందు, కార్లు నిలిపేచోట మంచు గడ్డకట్టి అద్దంలా ఉంటే, కాలు జారి పడింది. చేతుల్లో నిమ్మకాయ కేకు ముక్కల పళ్ళెం ఉంది. ఆ క్లినిక్‌లో ఆమె ఉద్యోగం ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తడం, అపాయింట్‌మెంట్లు రాయడం. పాతికేళ్ళలో ఎప్పుడు ఎలా వచ్చి చేరాయో తెలియదు గాని, అందరి పుట్టినరోజులకీ కేకు చేసుకురావడం, సాయంత్రం కాఫీ కప్పులన్నీ కడిగి బోర్లించడం కూడా ఆమెవే అయ్యాయి. “కార్లా మాకందరికీ అమ్మ” అని డాక్టరు కొత్తవాళ్ళకి పరిచయం చేస్తాడు. ఆయన ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆమె నేలమీద పడి ఉండగా తలుపు తెరుచుకుని బయటికొచ్చి, ముందుగా “అయ్యో, కేకు పోయిందా?” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఆమె నవ్వింది కూడా. అప్పటికే చెయ్యి వంకర తిరిగి ఉంది.

ఈ ఊళ్ళో, అంటే అమెరికా ఉత్తరపు కొసనున్న డులూత్‌లో, మొదటి ‘వద్దు’ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాఫీ తాగుతారా అంటే వద్దంటారు. మళ్ళీ అడిగితే మీకెందుకు శ్రమ అంటారు. మూడోసారి అడిగితే, సరే, సగం కప్పు చాలంటారు. అడిగేవాళ్ళు మూడుసార్లు అడగాలి, వద్దనేవాళ్ళు రెండుసార్లు అనాలి. పళ్ళెంలో ఆఖరి ముక్కని ఎవరూ తీసుకోరు. ఒకరు అందులో సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. చివరికి గోరంత ముక్క మిగిలి, తెల్లారేసరికి ఎండిపోతుంది. ఇక్కడి పిల్లలకి ఈ మర్యాద ఉగ్గుపాలతోనే అబ్బుతుంది.

ఆస్పత్రిలో చెయ్యి చూసిన నర్సుకి ఈ సంగతి బాగా తెలుసు. కార్లా ఈడుదే, జుట్టు నెరిసింది, నీలం బట్టల్లో, మెళ్ళో గుర్తింపు కార్డు. నొప్పి పదిలో ఎంతుంది అని అడిగింది. “పర్వాలేదు, రెండో మూడో” అంది కార్లా. నర్సు కట్టుగుడ్డలు సర్దుకుంటూ మళ్ళీ అడిగింది. “నాలుగేమో, మీరు వేరేవాళ్ళని చూసి రండి, నాకేం తొందర లేదు” అంది కార్లా. నర్సు అప్పుడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆమె మంచి చేతిని తన చేతిలోకి తీసుకుని మూడోసారి అడిగింది. “తొమ్మిది” అని కార్లా భోరుమంది. ఆ ఏడుపులో చేతి నొప్పి సగమే. మిగతా సగం ఆ నీలం బట్టలని చూసి వచ్చింది. ఒకప్పుడు ఒక ఉత్తరానికి వేరే జవాబు రాసి ఉంటే అవి ఆమె ఒంటిమీద ఉండేవి.

చెయ్యి విరిగిందని తెలియగానే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు హాట్‌డిష్‌లు తెచ్చిపెట్టారు. మాంసమో, బీన్సో వేసి, పైన బంగాళాదుంపలు పరిచి ఓవెన్‌లో కాల్చినవి. వేడి చేసుకుని తినడమే. ఎదురింటి ఆర్విడ్ తను తెచ్చిన గిన్నె గుమ్మంలోనే ఇచ్చేసి పోతానంటే, డ్వేన్ ఊరుకోలేదు. కాఫీ తాగి వెళ్ళమని ఒకసారి అన్నాడు, రెండుసార్లన్నాడు, మూడోసారి భుజం పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. ఈ మర్యాదల్లో డ్వేన్‌కి వంక పెట్టడానికుండదు. ఆరు రోజులు ఆ గిన్నెలతో గడిచిపోయింది. నిన్నటితో ఆర్విడ్ గిన్నె కూడా ఖాళీ అయి, కడిగి, తిరిగి ఇవ్వడానికి బల్లమీద ఎదురుచూస్తోంది. ఇవాళ మంగళవారం. మంగళవారమంటే ఈ ఇంట్లో టమాటా, క్రీము వేసిన పాస్తా. ఇరవై మూడేళ్ళుగా అంతే.

“పాస్తా చెయ్యి” అంది కార్లా, కిటికీ పక్క ఎత్తు స్టూలు మీద కూర్చుని.

“ఎలా చెయ్యాలో చెప్పు మరి.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది గాని మనసు వంటింట్లో లేదు. నిన్న సాయంత్రం కూతురితో ఫోన్‌లో మాట్లాడిన మాటల దగ్గరే చిక్కుకుని ఉంది.

బ్రిటాకి ముప్పై ఏళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు, మొగుడు ట్రావిస్. తనది పొద్దున్నా సాయంత్రం స్కూలు బస్సు నడిపే ఉద్యోగం. చిన్నప్పటినుంచి దానికి తీగలన్నా, స్విచ్‌లన్నా పిచ్చి. పదేళ్ళ వయసులో ఇంట్లో టోస్టర్ విప్పి మళ్ళీ బిగించింది. అది అంతకుముందుకన్నా బాగా పనిచేసింది. ఇప్పుడు కరెంటు పని నేర్పే శిక్షణలో దానికి చోటు దొరికింది. పగలు జీతమిచ్చే పని, మంగళ, గురువారాలు సాయంత్రం తరగతులు. రెండు వందలమంది అడిగితే పన్నెండుమందికి వచ్చింది. చేరేదీ లేనిదీ రేపు మధ్యాహ్నంలోగా చెప్పాలి, లేకపోతే చోటు వెనకనున్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. ట్రావిస్ వద్దనలేదట. “మరి ఆ రెండు రోజులూ పిల్లల భోజనం సంగతేంటి అన్నాడమ్మా, అంతే” అంది బ్రిటా.

నీకు చేరాలని ఉందా అని కార్లా అడిగింది. అబ్బే, పర్వాలేదులేమ్మా, వచ్చే ఏడు చూసుకోవచ్చు అంది బ్రిటా. సరే మరి, పిల్లలు కూడా చిన్నవాళ్ళే కదా అంది కార్లా. తర్వాత ఇద్దరూ ఎంత మంచు పడిందో మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక కార్లాకి ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎక్కడో ఎంత వెతికినా దొరకలేదు. రాత్రంతా అది అలాగే ఉంది.

“ఉల్లిపాయలెక్కడుంటాయి?” డ్వేన్ పళ్ళేల అలమర తెరిచి చూస్తున్నాడు. ఈ ఇంట్లోకొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. రేవులో ఓడలకి ఇనుప ఖనిజం ఎక్కించే పనినుంచి నిరుడే రిటైరై, పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆరింటి భోజనం నుంచి మాత్రం కార్లా చేతులు రిటైర్ కాలేదు.

ఆమె చెప్పింది. పెద్ద గిన్నె ఎక్కడన్నాడు. అదీ చెప్పింది. ముందు నీళ్ళా, ముందు ఉల్లిపాయా అన్నాడు. మూడు నిమిషాలకే డ్వేన్ మొహం ఎర్రబడింది.

“ఇలా ఒక్కోటీ నోటితో చెప్తే నా బుర్రకెక్కదు కార్లా. ఎక్కడైనా రాసిపెట్టావా?”

“ఆ రేకు డబ్బాలో ఉంటుంది, వెనకవైపు” అనేసింది ఆమె, అలవాటుగా. మరుక్షణమే గుర్తొచ్చి ఆపబోయింది. కానీ డ్వేన్ చెయ్యి అప్పటికే డబ్బాలో ఉంది. వంటలు రాసిపెట్టుకున్న అట్టముక్కలన్నీ తిరగేసి, అన్నిటికన్నా వెనకనున్నది బయటికి లాగాడు. అంచులు పచ్చబడ్డాయి. మీద పెద్ద అక్షరాలతో మంగళవారం అని రాసుంది. డ్వేన్ కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని పైకి చదివాడు.

“డ్వేన్, ముందు పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టు. గిన్నె పొయ్యి కింది సొరుగులో ఉంటుంది.” తలెత్తాడు. “ఇదేంటి, నా పేరుంది?”

“ముందు చెయ్యి” అంది కార్లా. “నీళ్ళు పెట్టు.”

డ్వేన్ నీళ్ళు పెట్టాడు. ఆ అట్టముక్క మీది ముప్పై మూడేళ్ళ కార్లా ఆయనకి ఒక్కొక్కటే చెబుతూ పోయింది, యాభై ఆరేళ్ళ కార్లా స్టూలు మీద కూర్చుని వింది. ఉప్పు ఒక గుప్పెడు, భయపడకు. ఉల్లిపాయ చిన్నగా తరుగు, కళ్ళు మండుతాయి, బ్రిటా నవ్వితే నవ్వనీ. నూనెలో ఉల్లిపాయ మెత్తబడేదాకా వేయించు, మాడనివ్వకు. వెల్లుల్లి రెండు రెబ్బలే, మీ అమ్మ ఉంటే ఒకటే. డ్వేన్ అక్కడ పకపకా నవ్వాడు. వాళ్ళమ్మ వెర్నా వంశంలో మిరియాల పొడి ఘాటు తగిలితేనే పాలగ్లాసు వెతుక్కుంటారు. టమాటా డబ్బాకి ఓపెనర్ వాడు, మూత వేలితో లాగకు, నీ వేలు నాకు కావాలి. ఆ మాట చదివి ఆయన ఓపెనర్ కోసం వెతికాడు. టమాటా పోసి, చిటికెడు చక్కెర వేసి, చిక్కబడేదాకా ఉడికించు. మంట తగ్గించాకే క్రీము పొయ్యి, లేకపోతే విరిగిపోతుంది. పాస్తా వార్చేముందు ఆ నీళ్ళు ఒక కప్పు తీసి పక్కన పెట్టు, ఇది మాత్రం మర్చిపోకు. ఆ నీళ్ళు పోస్తేనే అన్నీ ఒకదానికొకటి పట్టుకుంటాయి.

డ్వేన్ మర్చిపోలేదు. కప్పు నీళ్ళు పోసి కలిపితే, అప్పటిదాకా ఎర్రగా ఒకవైపు, తెల్లగా ఒకవైపు ఉన్నదంతా గులాబిరంగులో నున్నగా పాస్తాకి చుట్టుకుంది. పైన గుప్పెడు చీజ్ తురిమి వేశాడు. గోడ గడియారం వైపు చూశాడు.

“ఇరవై రెండు నిమిషాలు” అన్నాడు. కుర్రవాడిలా వెలిగిపోతున్నాడు. “ఇంతేనా కార్లా? ఇంత తేలికా ఇది?”

ఆయన తనని దెప్పడానికి అనలేదని కార్లాకి తెలుసు. తెలిసినా మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అవును, ఇంతే. ఇరవై రెండు నిమిషాలే. తను కూడా ఇదే గోడ గడియారం చూసి లెక్కపెట్టింది.

తొంభై ఆరో సంవత్సరం శరదృతువులో రాత్రికాలేజీ నుంచి ఆమెకి ఉత్తరం వచ్చింది. నర్సింగ్ కోర్సు, మంగళ, గురువారాలు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదున్నర దాకా. అంతకుముందు ఏడాది కార్లా వాళ్ళమ్మ ఆస్పత్రిలో పోయింది. అందరూ చేతులెత్తేసిన ఆ చివరి వారంలో ఒక నర్సు మాత్రం వచ్చి దుప్పటి సర్ది, అమ్మ పెదాలు తడిపి, అమ్మని పేరుపెట్టి పిలిచి వెళ్ళేది. ఆ పని తను చేయగలనని కార్లాకి జీవితంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే, గట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసింది. చోటు వచ్చింది. బ్రిటాకి అప్పుడు ఏడేళ్ళు, చిన్నవాడికి నాలుగు. మంగళ, గురువారాలు వాళ్ళకి ఎవరు వండిపెడతారని డ్వేన్ అడుగుతాడు కదా. అడిగితే జవాబు చేతిలో ఉండాలి కదా. అందుకని మొగుడు కూడా చేయగలిగే వంట ఒకటి వెతికింది. రెండు వారాలు మధ్యాహ్నం విరామంలో ఇంటికొచ్చి ఒక్కతీ చేసి చూసింది. వెన్న బదులు నూనె వేసింది, క్రీము ఎప్పుడు పోస్తే విరగదో కనిపెట్టింది. చివరికి ఇరవై రెండు నిమిషాలకి తెచ్చింది. ఆయనకోసమని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, ఏప్రాన్ జేబులో పెట్టుకుని, ఒక మంగళవారం అందరికీ వడ్డించింది.

డ్వేన్ రెండు పళ్ళేలు తిన్నాడు. “బ్రహ్మాండంగా ఉంది. ఇకనుంచి ప్రతి మంగళవారం నువ్విదే చెయ్యి” అన్నాడు.

పళ్ళేలు కడుగుతూ ఆమె కాలేజీ సంగతి చెప్పింది. ఆయన గుమ్మానికి ఆనుకుని విన్నాడు. “నిజంగా వెళ్దామనుకుంటున్నావా?” అన్నాడు. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. “అబ్బే, పర్వాలేదులే, అంత అవసరమేం లేదు” అంది కార్లా. పుట్టి పెరిగిన ఊరు నేర్పిన మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఆమె ఎదురుచూసింది. ఒక పళ్ళెం తుడిచింది. ఇంకొకటి తుడిచింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. రెండోసారి అడుగుతాడు, నీకు శ్రమ కదా అంటాను. మూడోసారి అడుగుతాడు, అప్పుడు జేబులోంచి అట్టముక్క తీసి చేతిలో పెడతాను. అంతా ఆలోచించి పెట్టుకుంది. ముందుగదిలో టీవీ పెట్టిన శబ్దం వినిపించింది. హాకీ మొదలైంది.

ఆ ఆదివారం అత్తగారొచ్చింది. ఎవరు చెప్పారో, “మా ఇంట్లో ఆరింటికి భోజనం బల్లమీద ఉండాల్సిందే అమ్మాయ్, మా ఆయన్ని మట్టిచేసిన రోజు కూడా ఆరింటికే తిన్నాం” అంది. కార్లా సోమవారం కాలేజీకి ఉత్తరం రాసి చోటు వదులుకుంది. రాసినప్పుడు ఏడవలేదు. ఆ తర్వాత చాలా మంగళవారాలు ఉల్లిపాయ తరుగుతూ ఏడ్చింది, అక్కడైతే ఎవరూ ఏమిటని అడగరు.

డ్వేన్ రెండు పళ్ళేల్లో వడ్డించి తెచ్చాడు. ఆమె పళ్ళెం ఎడమచేతి వైపు పెట్టి, ఫోర్కు కూడా ఎడమవైపే పెట్టాడు. అట్టముక్కని డబ్బాలో పెట్టబోతూ వెనక్కి తిప్పి చూశాడు. కార్లా కళ్ళు దించుకుంది. వెనక ఏముందో ఆమెకి తెలుసు.

“ఎనిమిదీ ముప్పావుకల్లా వచ్చేస్తాను, నాకు కొంచెం ఉంచు” అని చదివాడు. ఇంకోసారి లోలోపల చదువుకున్నాడు. “ఎక్కడ్నుంచి వచ్చేస్తావు?”

“నర్సింగ్ కాలేజీ నుంచి.”

డ్వేన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇది అప్పుడు రాశావా?”

“అప్పుడే రాశాను. నీకిద్దామని.”

“నీకే పెద్దగా ఇష్టం లేదనుకున్నా.” వంటింటి గుమ్మం వైపు చూశాడు. “నేను అడిగాను కదా కార్లా. నాకు గుర్తుంది, ఆ గుమ్మంలో నుంచుని అడిగాను.”

“ఒక్కసారి అడిగావు” అంది కార్లా.

ఇంకో ఊరివాడైతే ఆ మాటకి అర్థమేంటని అడిగేవాడు. డ్వేన్ అడగలేదు. ఆయన కళ్ళు బల్లమీదున్న ఆర్విడ్ గిన్నె మీదికి వెళ్ళాయి, అక్కడే ఆగిపోయాయి.  ఎదురింటివాడి సగం కప్పు కాఫీకి మూడుసార్లు అడిగిన మనిషి, పెళ్ళాం బతుక్కి ఒక్కసారి అడిగి హాకీ చూడ్డానికి పోయాడు. ఆ సంగతి ఆయన మొహంలో నెమ్మదిగా దిగబడుతుంటే కార్లా చూస్తూ కూర్చుంది. ఇరవై మూడేళ్ళు ఈ క్షణం కోసం ఎన్ని మాటలు కూడబెట్టుకుందో. అవన్నీ ఇప్పుడు పాతబడిపోయాయి. కోపం ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నా, బయటికి తీసేసరికి అదీ చల్లారిపోయి ఉంది. దాని కింద మిగిలిందల్లా దిగులే. ఆయన ఇంకోసారి అడిగి ఉండాల్సింది. తను మొదటిసారే అవునని ఉండాల్సింది. అడగనిది ఆయన తప్పు, సరే, ఆ అట్టముక్కని జేబులోనే ఉంచుకున్నది ఎవరు?

ఫోర్కు ఎత్తింది. ఒక ముద్ద తింది. ఉప్పు కాస్త ఎక్కువైంది, అంతే. తను చేసినంత బాగానే ఉంది.

అబ్బే, పర్వాలేదులేమ్మా, వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ఫోర్కు చేతిలోనే ఆగిపోయింది. రాత్రంతా వెతికినా దొరకని ముల్లు ఇప్పుడు దొరికింది. పర్వాలేదు అని కూతురు అంది. సరే మరి అని తను అంది. తనని ఒక్కసారే అడిగి వదిలేశాడని మొగుడి మీద ఇరవై మూడేళ్ళు కుమిలిపోయిన మనిషి, నిన్న సాయంత్రం కన్నకూతురిని సరిగ్గా ఒక్కసారే అడిగి, పడిన మంచు గురించి మాట్లాడింది. పైగా పిల్లలు చిన్నవాళ్ళే కదా అని అత్తగారి లాంటి మాట కూడా తనే కలిపింది. కార్లాకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఫోన్ ఇటివ్వు” అంది.

డ్వేన్ ఇచ్చాడు. ఎడమచేత్తో నొక్కడం రాక రెండుసార్లు తప్పు నంబరు కలిసింది. మూడోసారికి బ్రిటా ఎత్తింది. వెనక కుళాయి శబ్దం, పిల్లల గోల.

“చేరనని వాళ్ళకి రాసేశావా?” అంది కార్లా.

“రాసి పెట్టానమ్మా, పంపలేదింకా. పిల్లలు పడుకున్నాక పంపుదామని. ఏం?”

“నిన్న నిన్ను ఒక్కసారే అడిగాను. అది నా తప్పు. ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను. నీకు చేరాలని ఉందా?”

కుళాయి ఆగింది. బ్రిటా నవ్వబోయింది. “అమ్మా, నిజంగా పర్వాలేదు. ట్రావిస్‌కి కూడా ఈమధ్య పని ఎక్కువగా ఉంటోంది. నాకేం బాధగా లేదు, నువ్వేం పెట్టుకోకు మనసులో.”

ఆ గొంతు కార్లాదే. తేలిగ్గా, నవ్వుతూ, ఎదుటివాళ్ళకి శ్రమ లేకుండా. ఎదురుగా కూర్చున్న డ్వేన్ తినడం మానేసి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. కార్లా ఆస్పత్రిలో తన చెయ్యి పట్టుకున్న నర్సుని తలుచుకుంది. ఆ నీలం బట్టలు ఇక ఈ జన్మకి తనవి కావు. అయినా ఆ నర్సు చేసిన పని ఈ ఒక్కపూటకి తను చేయగలదు.

“మూడోసారి అడుగుతున్నాను, బ్రిటా.”

 పిల్లల్లో ఒకడు అమ్మా అని పిలిచాడు, బ్రిటా పలకలేదు. తర్వాత, చిన్నప్పుడు టోస్టర్ విప్పి దొరికిపోయినప్పటి గొంతుతో, “ఉందమ్మా” అంది. “చచ్చేంత ఉంది.”

“అయితే ఆ రాసింది తీసేసి, చేరుతున్నానని రాయి. ఇప్పుడే రాయి. నేను ఫోన్ పెట్టను.”

“మరి మంగళ, గురువారాలు...”

“ట్రావిస్ ఉన్నాడా ఇంట్లో? ఫోన్ అతనికివ్వు.”

అల్లుడి గొంతు వినపడగానే కార్లా ఫోన్‌ని బల్లమీదుగా డ్వేన్ వైపు జరిపింది. ఆయన ఫోన్‌ని చూశాడు, ఆమెని చూశాడు. అర్థమయ్యాక చేతులు తువ్వాలుకి తుడుచుకుని, డబ్బా దగ్గరున్న అట్టముక్క అందుకుని, కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకున్నాడు.

“ట్రావిస్, కాగితం, కలం తెచ్చుకో. మీ ఇంట్లో పెద్ద గిన్నె ఎక్కడుంటుందో తెలుసా? తెలీదా? నాకూ ఇందాకటిదాకా తెలీదులే. కనుక్కో. ఉప్పు ఒక గుప్పెడు, భయపడకు.”

ఆయన ఒక్కో మాటా ఆగి ఆగి చదువుతున్నాడు. వేలు సంగతి వచ్చినచోట దగ్గి ముందుకెళ్ళాడు. ఆ మాటలు ఇరవై మూడేళ్ళు ఆలస్యంగా, వేరే ఇంటి మగవాడికి చేరుతుంటే కార్లా వింటూ కూర్చుంది. ఆమెకి సంతోషంగానే ఉంది. ఏడుపు కూడా వస్తోంది.

పొయ్యిమీది గిన్నెలో ఒకరికి సరిపడా పాస్తా మిగిలింది. రోజూ అయితే ఆ ఆఖరిది డ్వేన్‌ని అడిగేది, వద్దంటే మళ్ళీ అడిగేది, చివరికి మూతపెట్టి మర్నాడు మధ్యాహ్నం ఆయనకే పెట్టేది. కార్లా లేచి ఎడమచేత్తో గిన్నె తెచ్చుకుంది. దాన్ని బల్ల అంచుకి ఆనించి, ఎవరూ అడగకుండానే, ఉన్నదంతా తన పళ్ళెంలోకి వంచుకుంది.